తెల్లవారుజాము మూడు గంటల కరెంటు

కరెంటు బిల్లు చేతికి రాగానే అడుగున ఉన్న మొత్తం చూసి పక్కన పెట్టేస్తాం. ఆ మొత్తానికి కాస్త పైన ఇంధన సర్దుబాటు అని ఒక వరస ఉంటుంది. కరెంటు తయారీకీ కొనుగోలుకీ ముందుగా వేసుకున్న అంచనా కంటే ఎక్కువ ఖర్చయితే, ఆ తేడాను వినియోగదారుల దగ్గర రాబట్టే పద్దు అది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్దు కింద నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వసూలు చేసుకునే వెసులుబాటు 2023లో పంపిణీ సంస్థలైన డిస్కంలకు దొరికింది. అంతకు ముందరి ఏళ్ల బాకీ ట్రూఅప్ పేరుతో వేరే వచ్చింది. ఈ చార్జీలు రద్దు చేయాలని విజయవాడలో ధర్నాలు జరిగాయి, బిల్లులు తగలబెట్టారు. వాటిని ఎవరూ పర్యావరణ ఉద్యమం అనలేదు. కానీ కృష్ణా డెల్టాలో స్వచ్ఛమైన కరెంటు గురించి మాట్లాడాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడే అని నా నమ్మకం. బొగ్గు ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది. విదేశీ బొగ్గు కలిపితే ఇంకా పెరుగుతుంది. ఎండకూ గాలికీ ఇంధన సర్దుబాటు లేదు.

ఆ బొగ్గు ఎక్కడ కాలుతోందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. కూచిపూడిలో బస్సెక్కి పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ చేరి, ఊరు దాటి ఎగువకు వెళ్తే ఇబ్రహీంపట్నం. అక్కడి పొగగొట్టాలు హైదరాబాదు రోడ్డు మీద పోయే ప్రతివాడికీ తెలుసు. 1979లో మొదటి యూనిట్‌తో మొదలైన విజయవాడ థర్మల్ కేంద్రానికి, విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా చాలాకాలం పనిచేసిన నార్ల తాతారావు పేరు పెట్టారు. 210 మెగావాట్లవి ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 2023 చివర్లో వచ్చిన 800 మెగావాట్లది ఒకటి, వెరసి 2,560 మెగావాట్లు. ఇవన్నీ ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఆరు కోట్ల యూనిట్లకు పైగా కరెంటు వస్తుంది. మన బొగ్గుతో యూనిట్‌కు సుమారు ముప్పావు కిలో పడుతుంది. కొత్త యూనిట్లకు కాస్త తక్కువ చాలుతుంది. ఆ లెక్కన రోజుకు 40 వేల టన్నులకు పైగా కావాలి. ఒక గూడ్సు రైలు సుమారు 4 వేల టన్నులు మోస్తుంది. అంటే సింగరేణి నుంచో ఒడిశా నుంచో రోజూ కనీసం పది రైళ్లు రావాలి. అన్ని యూనిట్లూ అన్ని రోజులూ పూర్తిగా నడవవు గనుక అసలు వాడకం ఇంతకంటే తక్కువే ఉంటుంది.

రైల్లో వచ్చిన గడ్డలను గడ్డలుగా తగలబెట్టరు. పెద్ద మిల్లుల్లో మెత్తగా పొడి చేస్తారు. 70 శాతం రేణువులు 75 మైక్రాన్ల లోపు ఉండాలి, అంటే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. ఆ పొడిని వేడిగాలితో కొలిమిలోకి ఊదుతారు. గడ్డ పైపొర నుంచి నిదానంగా కాలుతుంది. పొడి చేస్తే ప్రతి రేణువు చుట్టూ గాలి తగిలి రెప్పపాటులో మొత్తం మండిపోతుంది.

ఈ సూత్రం కూచిపూడి భాగవతులకు ఎప్పటినుంచో తెలుసు. రాత్రంతా ఆడే రోజుల్లో రంగస్థలానికి ఇరుపక్కలా ఆముదంతో తడిపిన కాగడాలు పట్టుకుని నిలబడేవారు. తెర వెనక నుంచి ముఖ్యమైన పాత్ర ప్రవేశించే క్షణంలో కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లేవారు. మంట ఒక్కసారిగా పైకి లేచి వేషమంతా వెలుగులో నిలిచేది. గడ్డ గుగ్గిలం వేస్తే పొగ వస్తుంది గానీ ఆ వెలుగు రాదు. తర్వాత పెట్రోమాక్సులు వచ్చాయి. ఆ తర్వాత కరెంటు బల్బులు, ఫోకస్ లైట్లు.

ఆ దీపాల వరసలో ఇంధనాల చరిత్ర మొత్తం ఉంది. కాగడాలో కాలింది ఆముదం. ఆ మొక్క కిందటేడు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్‌నే కాగడా మళ్లీ గాలికి ఇచ్చింది, లెక్క సరిపోయింది. పెట్రోమాక్సులో కిరోసిన్‌తో కథ మారింది. అది ఎన్నో కోట్ల ఏళ్ల కింద భూమి అడుగున చేరిన కార్బన్. బల్బు వెలిగేటప్పటికి కూచిపూడిలో పొగ కనిపించడం మానేసింది, ఇబ్రహీంపట్నంలో కనిపించడం మొదలైంది. గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవుల అవశేషం. దాన్ని తవ్వి తగలబెడితే ఒక యూనిట్ కరెంటుకు కిలోకు కాస్త అటూ ఇటూగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. దాన్ని వెనక్కి తీసుకునే మొక్క ఏదీ ఆ ఏడు అదనంగా మొలవదు.

బూడిద సంగతి ఇంకా కటువు. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, కాలని ఖనిజమే. పది రైళ్ల బొగ్గు వస్తే మూడు నాలుగు రైళ్ల బూడిద మిగులుతుంది. కొంత సిమెంటుకూ ఇటుకలకూ రోడ్లకూ పోతుంది. మిగిలింది బూడిద చెరువుల్లో చేరుతుంది. ఎండాకాలం గాలికి లేచేదీ, లారీల మీంచి రాలిపడేదీ ఇబ్రహీంపట్నం, కొండపల్లి జనం గొంతుల్లోకే పోతుంది. మన ఇంట్లో ఫ్యాను తిరగడానికి అక్కడి పిల్లలు దగ్గుతున్నారన్న మాట ఎవరైనా గట్టిగా అంటే మనకు కోపం రాకూడదు.

బొగ్గు వద్దని తెలుగు నేల మీద జనం గట్టిగా అన్న ఊళ్లు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కడతామన్నప్పుడు రైతులూ మత్స్యకారులూ ఎదురు నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. మరుసటేడు ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో, మరో థర్మల్ కేంద్రం దగ్గర, మళ్లీ కాల్పులు, చావులు. ఆ జనం అడిగింది వాతావరణ మార్పు గురించి కాదు. మా నీళ్లు, మా చేపలు, మా భూములు అన్నారు. కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా పనిచేసిన ఈ.ఏ.ఎస్. శర్మ లాంటి వాళ్లు వాళ్ల తరఫున ఉత్తరాలు రాశారు, చట్టాలు చూపించారు.

ఇంకో దారి నిశ్శబ్దంగా నడిచింది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడి, చార్జీల మీద బహిరంగ విచారణలు మొదలయ్యాయి. ఎం. తిమ్మారెడ్డి, ఎం. వేణుగోపాలరావు వంటివారు ఏళ్ల తరబడి ఆ విచారణలకు వెళ్లి డిస్కంల లెక్కలు పేజీ పేజీ తిరగేసి అభ్యంతరాలు దాఖలు చేశారు. వాళ్లు సౌర విద్యుత్తును కళ్లకద్దుకుని ఊరుకోలేదు, దాని ధరనూ నిలదీశారు. అలా నిలదీయడం అవసరం కూడా. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర ఒప్పందాలను తిరిగి సమీక్షిస్తామంది. అది ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2021 డిసెంబరులో రాజస్థాన్ నుంచి యూనిట్ 2.49 రూపాయలకు 7,000 మెగావాట్ల సౌర విద్యుత్ కొనే ఒప్పందం కుదిరింది. దాని మీదా కోర్టుకు వెళ్లారు. ఇంధనం స్వచ్ఛమైనంత మాత్రాన ఒప్పందం స్వచ్ఛమైపోదు. ఈ ప్రశ్నలు అడిగేవాళ్లను సౌర విద్యుత్తుకు శత్రువులుగా చూడటం అన్యాయం.

అయితే డెల్టా నుంచి ఆ విచారణలకు వెళ్లి అడగాల్సిన ప్రశ్న ఒకటి వేరుగా ఉంది. ఎన్ని మెగావాట్లు అన్నది కాదు, ఏ గంటకు అన్నది.

పగటి పని ముందు చూద్దాం. కాలవ చివరి భూముల్లో నీరు అందని రోజుల్లో రైతు ఆయిల్ ఇంజను పెట్టి కాలవలోంచో మురుగు డ్రెయిన్‌లోంచో నీరు తోడుకుంటాడు. అయిదు హార్స్‌పవర్ ఇంజను గంటకు దాదాపు ఒక లీటరు డీజిలు తాగుతుంది. ఆ డీజిల్లో ఉన్న శక్తిలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు పంపుకు అందుతుంది. మిగతాది వేడిగా, పొగగా, చెవులు గింగురుమనే చప్పుడుగా పోతుంది. అదే పంపును మోటారుతో నడిపితే కరెంటులో నూటికి ఎనభై పాళ్లు పనికొస్తాయి. సుమారు 5 కిలోవాట్ల సౌర పలకలు ఉంటే ఎండ ఉన్నంతసేపూ నీరు పారుతుంది. చేలో నీరు పెట్టడానికి పగలే మంచిది, పాము పుట్రా భయం ఉండదు. నీటిని ఫలానా నిమిషానికే తోడాలన్న నియమం కూడా లేదు. మబ్బు పట్టినప్పుడు ఆగి, ఎండ వచ్చాక మళ్లీ తోడుకోవచ్చు. ధాన్యం మిల్లు, ఐసు ఫ్యాక్టరీ, శీతల గిడ్డంగి కూడా కొంతవరకు ఇలా పనిని ఎండ వైపుకు జరుపుకోగలవు. వీటికి సౌర విద్యుత్ ఉన్నదున్నట్టుగా సరిపోతుంది.

చేపల చెరువు, రొయ్యల చెరువు అలా కాదు. నందివాడ, బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు వెళ్తే వరి మడుల స్థానంలో చెరువులే కనిపిస్తాయి. పగలు ఎండలో నీటిలోని పచ్చని నాచురేణువులు కిరణజన్య సంయోగక్రియ జరిపి ప్రాణవాయువు విడుదల చేస్తాయి. మధ్యాహ్నం మూడు గంటలకు నీటిలో అది కావలసిన దానికంటే ఎక్కువే ఉంటుంది. పొద్దుగూకగానే ఆ తయారీ ఆగిపోతుంది. కానీ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ రాత్రంతా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. లీటరు నీటిలో ప్రాణవాయువు సాయంత్రం ఎనిమిది, పది మిల్లీగ్రాములున్నది గంటగంటకూ తరిగి, తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య అట్టడుక్కు చేరుతుంది. మూడు మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్య తట్టుకోలేదు. చేపలైతే నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. తేలాయి అంటారు రైతులు, ఆ మాట వింటే గుండె జారుతుంది. అందుకే నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే అరగంటలో జనరేటర్ మొదలు కావాలి. ఆ వేళ గట్టు మీద నిద్రపోయే రైతు ఉండడు.

సూర్యుడు ఉన్నప్పుడు చెరువుకు కరెంటుతో పెద్ద అవసరం లేదు, సూర్యుడు లేనప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. చెరువు గట్టు మీద పలకలు పెట్టుకోండని సలహా ఇచ్చి వెళ్లిపోయేవారు ఈ ఒక్క సంగతి గమనించాలి. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ గంటకు ఒకటిన్నర యూనిట్ తీసుకుంటుంది. పది గంటల రాత్రికి 15 యూనిట్లు. ఒక కిలోవాట్ పలక మన దగ్గర రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. బ్యాటరీలో పోయే నష్టంతో కలిపి చూస్తే, ఒక్క ఏరియేటర్ రాత్రి అవసరానికి నాలుగు కిలోవాట్లకు పైగా పలకలు, 15 యూనిట్లకు మించిన బ్యాటరీ కావాలి. బ్యాటరీ ఖర్చే లక్షల్లో ఉంటుంది. ఒక్కో చెరువుకు ఏరియేటర్లు ఎన్నో! యూనిట్ రూపాయిన్నరకు రాయితీ కరెంటు అందుకునే అర్హత ఉన్న చిన్న రైతు ఆ లక్షలు పెట్టడు, పెట్టమనడం న్యాయమూ కాదు. అతని రాత్రి కరెంటును స్వచ్ఛంగా అందించాల్సింది గ్రిడ్.

గ్రిడ్ పగటి ఎండను రాత్రికి దాచగలదా? దాచగలదు. కృష్ణా నది మీదే ఆ ఏర్పాటు నలభై ఏళ్లుగా ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే ఏడు రెండు వైపులా తిరుగుతాయి. ఒక వైపు తిరిగితే పైనుంచి పడే నీటితో కరెంటు తీస్తాయి, రెండో వైపు తిరిగితే కరెంటు తీసుకుని కింది నీటిని జలాశయంలోకి ఎత్తిపోస్తాయి. కిందికి వదిలిన నీరు నిలవడానికే సత్రసాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. లెక్క తేలిక: ఒక టన్ను నీటిని 367 మీటర్లు ఎత్తితే అందులో ఒక యూనిట్ శక్తి దాగుతుంది. సాగర్ దగ్గర ఎత్తు తేడా వంద మీటర్ల లోపు. నష్టాలు కూడా వేసుకుంటే ఒక యూనిట్‌కు నాలుగున్నర టన్నుల నీరు కావాలి. మన ఏరియేటర్ ఒక్క రాత్రి తిరగాలంటే దాదాపు 70 టన్నుల నీరు పైనుంచి కిందికి దిగాలి. ఆ నీరు ఎక్కడికీ పోదు, మర్నాడు పగలు సౌర విద్యుత్తుతో మళ్లీ పైకి ఎక్కుతుంది. ఎక్కించి దించే ఈ పనిలో నూటికి ఇరవై, పాతిక పాళ్లు శక్తి నష్టమవుతుంది. పగలు మిగిలిపోయే కరెంటుతో పోలిస్తే ఆ నష్టం భరించదగ్గదే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ఈ ఆలోచన మీదే రూపొందింది. కంకిపాడులో పుట్టి, విజయవాడ ఎంపీగా ఉంటూ కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూసిన కె.ఎల్. రావు సాగర్ కోసం పాటుపడ్డారు. ఆ డ్యాం తర్వాతి తరానికి సూర్యరశ్మిని దాచే చోటు కూడా కావడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

పలకలు ఎక్కడ పెట్టాలన్నది డెల్టాకు ఇంకో చిక్కు. కర్నూలులో 2017 నాటికి వెయ్యి మెగావాట్ల సౌర పార్కు లేచిందంటే అక్కడ రాతినేల దొరికింది. నేల మీద ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. వరి, మినుము పండే కాలవ కింది పొలంలో పలకలు పరవమని నేను అడగను, ఎవరూ అడగకూడదు. కానీ డెల్టాలో కాలవలున్నాయి. పక్కనే గోదావరి డెల్టాలో, భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో కాలవ మీద ఒక మెగావాట్ కేంద్రం కట్టారు. కింద నీరు ఉంటే పలక కొంచెం చల్లగా ఉంటుంది, కింది నీరు కొంత ఆవిరి కాకుండా ఆగుతుంది. ఆ చల్లదనం చిన్న విషయం కాదు. సిలికాన్ పలక సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి నూటికి 0.35, 0.4 చొప్పున తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడ డాబా మీద పలక 60 డిగ్రీలు దాటుతుంది, అంటే పదమూడు పద్నాలుగు శాతం అక్కడే పోయినట్టు. ఎండ ఎక్కువుంటే కరెంటు ఎక్కువ అనుకుంటాం గానీ పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు.

కాలవల తర్వాత కప్పులు. మిల్లుల షెడ్లు, గోడౌన్లు, కల్యాణ మండపాలు, బడులు, కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం లాంటి సంస్థల డాబాలు, మన ఇళ్లు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు చాలు. మూడు కిలోవాట్లు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి. పగలు మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, రాత్రి గ్రిడ్ నుంచి వస్తుంది, మీటరు రెండూ లెక్క కడుతుంది. బిల్లు సున్నా వచ్చినా ఆ ఇంటి రాత్రి కరెంటులో ఇబ్రహీంపట్నం బొగ్గు ఉందని మరవకూడదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చిన రోజులవి. నగరంలోని సింగ్‌నగర్ ఇళ్లలో జనం రోజుల తరబడి నీళ్ల మధ్య, చీకట్లో ఉన్నారు. డాబా మీద సోలార్ ఉంటే ఆ చీకటి ఉండేది కాదు కదా అని చాలామంది అనుకుంటారు. మామూలు సోలార్ అయితే ఉండేది. గ్రిడ్‌లో కరెంటు ఆగిన మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే మన డాబా మీది కరెంటు వీధి తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. గ్రిడ్ పోయినా ఇల్లు వెలగాలంటే, తీగ నుంచి ఇంటిని విడదీసుకునే హైబ్రిడ్ ఇన్వర్టర్, చిన్నదైనా ఒక బ్యాటరీ ఉండాలి. ప్రతి ఇంటికీ కాకపోయినా ప్రతి పునరావాస కేంద్రానికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, మంచినీటి పంపుకూ అది ఉండి తీరాలి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమను పోగొట్టుకున్న డెల్టా ఇది. తుపాను రాత్రి సెల్‌ఫోన్ చార్జింగు, ఆసుపత్రిలో ఆక్సిజన్, ఒక్క గదిలో దీపం, వీటికి విలువ కట్టలేం.

బొగ్గు ఒక్క రోజులో ఆగదు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఊరంతా ఒకేసారి వెలిగే గంటల్లో ఇంకా కొన్నేళ్లు అది కావాలి. ఇబ్రహీంపట్నంలో బొగ్గు దించే, బూడిద ఎత్తే కాంట్రాక్టు కార్మికుల బతుకులు కూడా ఈ మార్పులో భాగం. పాత యూనిట్లు ఏ ఏడు మూస్తారో, వాళ్లకు ఏ పని చూపిస్తారో ముందే రాసి ఇవ్వమని అడగాలి. చెప్పకుండా ఒక రోజు గేటుకు తాళం వేస్తే దాన్ని స్వచ్ఛమైన మార్పు అనలేం.

కేంద్రం 2023 జూన్‌లో తెచ్చిన నిబంధన ప్రకారం, ఎండ ఉన్న గంటల్లో కరెంటు ధర మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, రద్దీ గంటల్లో ఎక్కువ ఉండాలి. ధాన్యం మిల్లుకూ ఐసు ఫ్యాక్టరీకీ ఇది వరం. రాత్రి తప్ప గత్యంతరం లేని చెరువు రైతుకు అదే కత్తి కాగలదు. కాబట్టి డెల్టా తరఫున అభ్యంతరం రాసేవాళ్లు పగటి తగ్గింపు అడుగుతూనే, ఆక్వా చెరువులను రద్దీ ధర నుంచి తప్పించమని, నిలవ కేంద్రాల సామర్థ్యంలో ఎంత భాగం తెల్లవారుజామున మూడు గంటలకు కేటాయిస్తారో అంకెల్లో చెప్పమని అడగాలి. ఆక్వా ఫీడర్లలో రాత్రి కరెంటు ఎన్నిసార్లు పోయిందో, డీజిల్ ఎంత కాలిందో మండలాల వారీగా రైతులే రాసి పెట్టుకుని తీసుకువెళ్తే ఇంకా బలం. డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది ఆదాయ వ్యయాల అంచనాలు మండలికి ఇస్తాయి. తర్వాత అభ్యంతరాలకు గడువు పెట్టి, జనవరి, ఫిబ్రవరుల్లో విచారణ జరుపుతారు. మార్చి ముగిసేలోగా ఉత్తర్వు వస్తుంది, ఏప్రిల్ ఒకటి నుంచి అమలవుతుంది. అభ్యంతరం దాఖలు చేయడానికి లాయరు అక్కర్లేదు. మీటరు నంబరు, ప్రశ్న, సంతకం చాలు.